గవరయ్యకు అందని చోటు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో గవరయ్య అనే మర్దనకారుడు ఉండేవాడు. చేతిలో విద్య దండిగా ఉంది గానీ, దాన్ని ఇంకొకరి కంట పడనిచ్చేవాడు కాదు.

బెల్లం దిమ్మలు మోసి మోసి నడుములు పట్టేసిన కళాసీలు సాయంత్రమయ్యేసరికి అతని గుమ్మం ముందు వరస కట్టేవారు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు గడియ వేసి, కిటికీకి గోనెపట్టా దించి మరీ మర్దన చేసేవాడు. వంగిపోయి వెళ్లినవాడు నిటారుగా బయటికి వచ్చేవాడు. "లోపల ఏం చేశాడు?" అని అడిగితే ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. బోర్లా పడుకున్నవాడికి ఏం కనిపిస్తుంది పాపం!

ఆ ఊళ్లో మర్దన పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అమావాస్యనాడు పనులకు సెలవు కాబట్టి ఆ రోజు పొద్దున్నే కొబ్బరికాయల కొట్టు మీది మేడగదిలో కలిసేవారు. బాలింతలకూ పసిపిల్లలకూ నూనె రాసి ఆ పనిలోనే జుట్టు నెరిసిన ఆదిలక్ష్మమ్మ సంఘానికి పెద్ద. ఆమె గవరయ్య గుమ్మం దాకా వచ్చి చాలాసార్లు పిలిచింది.

"సంఘమా? నా కిటుకులు కాజేయడానికా?" అని అతను మొహం మీదే అనేశాడు. ఆమె నవ్వి వెళ్లిపోయింది.

రానన్నాడే గానీ, అక్కడ ఏం జరుగుతుందోనని అతనికి ఒకటే ఆరాటం. అమావాస్య వచ్చిందంటే ఏదో పని ఉన్నట్టు ఆ వీధిన పోయేవాడు. మెట్ల మీంచి నువ్వులనూనె వాసన వచ్చేది. మధ్యమధ్య "అబ్బా!" అని ఒక మూలుగు, వెంటనే నవ్వులు. నలుగురూ కలిస్తే మాట్లాడుకోవాలి గానీ మూలగడమేమిటి? ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

"అంత దురదగా ఉంటే మెట్లెక్కి చూడరాదేటి?" అనేది అతని భార్య పైడితల్లి.

"నాకేటవసరం?" అనేవాడు. మళ్లీ అమావాస్యకు ఆ వీధిలోనే తేలేవాడు.

ఇలా ఉండగా ఒకనాడు నిద్ర లేచేసరికి గవరయ్య కుడిచేతి బొటనవేలు వంగలేదు. నూనె కాచి రాసుకున్నాడు. కాపడం పెట్టుకున్నాడు. ఎడమచేత్తో నొక్కుకున్నాడు. తగ్గకపోగా నొప్పి మణికట్టుకు పాకింది. మర్దన చేసేవాడికి బొటనవేలు పోతే ఇంకేం మిగిలింది? సంగతి బయటపడకూడదని పళ్లబిగువున పని చేశాడు. కానీ తలుపుకు గడియ వేసినంత మాత్రాన వీపు మీద పడే చేతిని దాచగలడా?

"ఏటి గవరయ్యా, ఈమధ్య నీ చెయ్యి తేలిపోతంది?" అన్నాడు దాలినాయుడనే పాత కళాసీ, నడుము పట్టుకుని లేస్తూ. వంగి వచ్చినవాడు వంగే వెళ్లాడు.

ఆ రాత్రి పైడితల్లి అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే గవరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ చెయ్యి ఇంక రాదేమోనే," అన్నాడు.

"ఎల్లుండి అమావాస్య," అంది ఆమె.

అమావాస్యనాడు గవరయ్య పిల్లిలా మెట్లెక్కాడు. తలుపు ఓరగా తీసే ఉంది. తొంగిచూసినవాడు అలాగే ఉండిపోయాడు. లోపల సగంమంది చాపల మీద బోర్లా పడుకున్నారు. తక్కినవాళ్లు వాళ్లకు మర్దన చేస్తున్నారు. ఊరందరి నొప్పులూ తీసేవాళ్లు ఒకరి నొప్పులు ఒకరు తీసుకుంటున్నారు! గోడకు మనిషి కండరాల పటం నిలువెత్తున వేలాడుతోంది. ఒక మూల సన్యాసయ్య అనే ముసలాయన మాత్రం తన భుజం తానే రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"లోపలికి రా గవరయ్యా," అంది ఆదిలక్ష్మమ్మ తల తిప్పకుండానే. "నీ అడుగుల చప్పుడు మాకు తెలీదేటి? ఇన్నాళ్లూ కిందే తిరిగావు కదా!"

గదంతా ఘొల్లున నవ్వింది. గవరయ్య సిగ్గుపడుతూ వచ్చి, మాట మార్చడానికి, "సన్యాసయ్య తాతనెవరూ పట్టించుకోలేదేటప్పా?" అని అడిగాడు.

"మేం జతలుగా చేసుకుంటాం తమ్ముడూ. మేమేమో బేసిమంది. ప్రతిసారీ ఒకరు మిగిలిపోతారు. ఇయ్యాల తాత వంతు. నువ్వొస్తే జత కుదురుద్దని పిలిచాను. నువ్వేమో కిటుకులన్నావు!"

గవరయ్య తల దించుకున్నాడు. మెల్లగా బొటనవేలు చూపించాడు. ఆమె వేలు ముట్టుకోలేదు. అతన్ని చాప మీద బోర్లా పడుకోమంది. ఊరందరినీ పడుకోబెట్టినవాడు తాను పడుకోవడం అదే మొదలు. ఆమె మోచెయ్యి వీపు మీద జరిగి జరిగి కుడి రెక్క కింద ఒకచోట ఆగింది.

"అబ్బా!" అని మూలిగాడు గవరయ్య. మెట్ల కింద తాను విన్న మూలుగు అదే. ఇన్నాళ్లూ అర్థం కానిది ఒక్క క్షణంలో అర్థమైంది.

"నొప్పి వేలిలో ఉంది గానీ, దాని మూలం ఇక్కడుంది. నీ చేతికి అందని చోటు," అంది ఆదిలక్ష్మమ్మ. పటం మీద రెక్క కింది నుంచి భుజానికీ, భుజం నుంచి వేలికీ దారి చూపించింది. "భారమంతా బొటనవేలి మీదే వేశావు. ఇకమీద మోచెయ్యి వాడు. ముందు నెల్లాళ్లు పని మానెయ్యి."

"నెల్లాళ్లా! మరి నా కళాసీలో?"

"మేం చూసుకుంటాం."

ఇదీ అసలు పరీక్ష. వీళ్ల చేతి రుచి మరిగితే కళాసీలు మళ్లీ తన దగ్గరికి వస్తారా? పని వీళ్లకు అప్పగించకపోతే తన వేలు దక్కదు. చాలాసేపు తటపటాయించి, చివరికి మర్దన గది తాళంచెవి తీసి సన్యాసయ్య చేతిలో పెట్టాడు.

సంఘంవాళ్లు వంతులవారీగా వచ్చి పని చేశారు. వచ్చిన ప్రతివాడికీ, "ఇది గవరయ్య చోటు. మేం అతని బదులు చేస్తున్నాం," అని చెప్పారు. నెల తిరిగేసరికి బొటనవేలు వంగింది. ఆ సాయంత్రం గవరయ్య బెరుకుబెరుకుగా తలుపు తీశాడు. వరస ఎప్పటిలాగే ఉంది. అందరికంటే ముందు దాలినాయుడు.

"సన్యాసయ్య తాత బాగానే చేశాడు. అయినా నీ చెయ్యి నీదేనయ్యా," అన్నాడు చాప మీద వాలుతూ. గవరయ్య హాయిగా నవ్వాడు. ఆ రోజు గడియ వెయ్యలేదు.

తర్వాతి అమావాస్యకు అందరికంటే ముందు మేడెక్కాడు. సన్యాసయ్యను పడుకోబెట్టి, ఇన్నేళ్లూ తలుపు చాటున దాచిన, నడుము సరిచేసే పట్టు అందరికీ చూపించాడు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. దాన్ని బొటనవేలితో కాకుండా మోచేత్తో ఎలా వెయ్యాలో తలా ఒక మాట చెప్పారు. గవరయ్య వేసి చూశాడు. తన పట్టు తన చేతిలోనే ఇంకా మెరుగైంది.

నీతి: ఎంత నేర్పున్న చేతికైనా తన వీపు తనకు అందదు. ఏ పని చేసేవాడైనా విద్యను దాచుకోకుండా తోటి పనివారితో కలిసి నడిస్తేనే ఆ విద్యా నిలుస్తుంది, తానూ నిలుస్తాడు.