నూకాలు రుచి చూడని గ్రానోలా

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న చోట దీన్ని చెప్పేవాళ్ళు లేరు. అందుకని దగ్గరికి జరిగి కూర్చోండి.

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్టు తొర్రలో నూకాలు అనే ఉడత ఉండేది. సింగారి దానికి ఒక్కగానొక్క కూతురు. నూకాలుకు ఎవరిమీదా నమ్మకం లేదు. గాలికి రాలిన పండునైనా ఎవరో కావాలని పడేశారేమోనని వాసన చూసేది.

ఒకనాడు సింగారి పల్లీ కొరకబోయి కెవ్వుమంది. నూకాలు దాన్ని ఎత్తుకుని వైద్యం చేసే వడ్రంగిపిట్ట దగ్గరికి పరిగెత్తింది. పిట్ట ముక్కుతో పళ్ళమీద మెల్లగా తట్టి, చెవి పెట్టి విని, ముఖం ముడుచుకుంది.

"తీపి ఎక్కువైంది. వానలు మొదలయ్యేలోపు మాన్పించకపోతే ఈ పళ్ళు నిలవవు. పళ్ళు లేని ఉడత ఏం తిని బతుకుతుందో నీకు చెప్పాలా?"

నూకాలు ఇంటికి వస్తూ దారి పొడుగునా ఒకటే ఆలోచించింది. ఇంతకీ పిల్లకి తీపి పెడుతున్నదెవరు?

మొదటి అనుమానం ఎలుగుబంటి భల్లయ్య మీద. సింగారి రోజూ పొద్దున్నే పాలలో వేసుకునే గ్రానోలా, అదే వేయించిన అటుకులూ గింజలూ కలిపిన ఫలహారం, అతని దుకాణానిదే. పొట్లం మీద 'చక్కెర లేదు' అని పెద్ద అక్షరాలు. నూకాలు దుకాణం వెనక్కి వెళ్ళి చూస్తే కాగులో బెల్లం పాకం కుతకుతలాడుతోంది.

"బెల్లం చక్కెర కాదు కదా చెల్లెమ్మా," అన్నాడు భల్లయ్య, గరిటె నాకుతూ.

నూకాలు పొట్లాలన్నీ పారేసి, ఇంట్లోనే చేయసాగింది. జొన్న అటుకులు, పల్లీలు, గుమ్మడి గింజలు సన్నని సెగ మీద వేయించింది. సింగారి ఒక చెంచా తిని ఊసేసింది. గడ్డిలా ఉందంది. నూకాలు కాసేపు ఆలోచించి, కాస్త తేనె కలిపింది. పువ్వుల్లోంచి వచ్చింది, మంచిదే అనుకుంది. మర్నాడు సింగారి మూతి విరిస్తే ఇంకాస్త కలిపింది. ఆ తర్వాత చెంచా మానేసి కుండే వంచడం మొదలుపెట్టింది. పిల్లకి తక్కువవుతుందని తను మాత్రం ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదు.

పళ్ళనొప్పి తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఈసారి అనుమానం పక్కింటి కుందేలు మంగతాయి మీదికి మళ్ళింది. ఆడుకోవడానికి వెళ్ళినప్పుడు మిఠాయి పెడుతోందేమోనని నూకాలు వాకిట్లోకి వెళ్ళి నిలదీసింది.

"ముల్లంగి దుంపకే నా పిల్లలు కొట్టుకు చస్తున్నారు వదినా. మీ అమ్మాయికి మిఠాయి ఎక్కణ్ణించి తేను?" అంది మంగతాయి.

నూకాలు నమ్మలేదు. ఆ గడప తొక్కొద్దని సింగారికి గట్టిగా చెప్పింది.

ఇక మిగిలింది సింగారే. నూకాలు దాని పంజాలు వాసన చూసింది. పడక కింద ఆకులు ఎత్తి వెతికింది. ఎవరిచ్చారు, ఎక్కడ దాచావు అని గద్దించింది. సింగారి చాలాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేనేం దాచలేదమ్మా. నువ్వు పెట్టిందే తిన్నాను."

నూకాలు గిన్నె వైపు చూసింది. అడుగున కొంచెం మిగిలి ఉంది. మొదటిసారి నోట్లో వేసుకుంది. భల్లయ్య పాకం కంటే తియ్యగా ఉంది. తన పళ్ళే జివ్వుమన్నాయి.

ఆ పూటే కొత్త వాయి వేయించింది. బాగా మగ్గిన అరటిపండు మెదిపి, దాల్చినచెక్క పొడి చల్లి, గింజలకు పట్టించి, అవి కరకరలాడేదాకా కలుపుతూ కూర్చుంది. సింగారి మళ్ళీ మూతి విరిచింది. నూకాలు చెయ్యి తేనెకుండ దాకా పోయి వెనక్కి వచ్చింది. తనూ ఒక గిన్నె పెట్టుకుని పిల్ల పక్కనే కూర్చుని తింది. సింగారి మొదట్లో సగం వదిలేసేది. పోనుపోను గిన్నె ఖాళీ చేయసాగింది. వానలు వచ్చేసరికి గట్టి బాదంకాయను టప్పున పగలగొట్టింది.

నూకాలు గ్రానోలా డబ్బా పట్టుకుని మంగతాయి ఇంటికి వెళ్ళింది. తప్పయిపోయింది, మనసులో పెట్టుకోవద్దని అంది. మంగతాయి డబ్బా మూత తీసి అనుమానంగా లోపలికి చూసింది.

"ఉండు వదినా, ముందు నేను తిని చూస్తాను. ఆ తర్వాతే మా పిల్లలకి."

నూకాలుకు కోపం రాలేదు. తినమని చెంచా అందించింది.

పిల్లలూ, మీ తోటి పిల్లలకి కూడా ఈ కథ చెప్పండి. పక్క గదిలో ఉన్న వాళ్ళ అమ్మలకు వినబడేటట్టు చెప్పండి.

నీతి: తప్పు ఎవరిదోనని ఊరంతా వెతికే ముందు, మన చేత్తో మనం కలుపుతున్నదేమిటో చూసుకోవాలి.