కల్లోరాకు రెండో రాజు

యవన సముద్రం నడిమధ్యన ఒకానొక దీవిరాజ్యం ఉండేది. పేరు కల్లోరా. ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనేంత దీవి. దాన్ని ఏలే దమోఫంతుడి గొప్పలు మాత్రం దీవిలో పట్టేవి కావు.

ఆ రోజుల్లో యవనులకు పెద్ద పట్నాలు రెండు, ఏథెన్సూ స్పార్టా. ఒకదానికొకటి ఉప్పూ నిప్పూ. ఏథెన్సు వాళ్ళకు ఓడలూ, నాటకాలూ, తెల్లవార్లూ తెగని మాటలూ. స్పార్టా వాళ్ళకు కత్తీ కసరత్తూ. నోరు విప్పితే నాలుగు ముక్కలు. ఏథెన్సుకు చుట్టూ ఎత్తైన గోడ. స్పార్టాకు గోడే లేదు. మా మగవాళ్ళే మా గోడ అనేవాళ్ళు. చిన్న దీవుల రాజులకు ఈ రెంటిలో ఎవరిలా ఉండాలా అన్నదే పెద్ద రంధి.

దమోఫంతుడి కొలువులో హెర్మగోరుడని ఒక పండితుడు. ఏథెన్సులో మూడు నెలలు, స్పార్టాలో పదకొండు రోజులు ఉండి వచ్చాడు. ఆ పదకొండులో తొమ్మిది రోజులు అక్కడి చారు పడక మంచం దిగలేదని వంటింటి భోగట్టా. అయినా సరే, ఆ రెండు పట్నాల గురించి ఆయనకు తెలియనిది లేదు. రోజూ కొలువులో పోలిక పెట్టేవాడు. భోజనం ఏథెన్సులో ఇట్లా ప్రభూ, స్పార్టాలో అట్లా ప్రభూ అని. రాజు గడ్డం నిమురుకుంటూ తనకు నచ్చింది ఏరుకునేవాడు.

ఏరుకోవడంతో ఆగినా బాగుండేది. ఒకరోజు దండోరా కూడా వేయించాడు. ఇకమీదట కల్లోరాలో ఏదైనా సరే ఏథెన్సు పద్ధతిలోనో స్పార్టా పద్ధతిలోనో ఉండాలి. తాతలనాటి మూడో పద్ధతి పాటించినవాణ్ణి, ఎంతటివాడైనా, కట్టుబట్టలతో పడవెక్కించి పంపేస్తాం.

ఇక రాజుగారు ఏరుకున్న తీరు చూడండి. తిండి దగ్గర జనానికి స్పార్టా పద్ధతి, అంటే పందినెత్తురు పోసి కాచిన నల్లచారు. తనకు ఏథెన్సు పద్ధతి, అంటే వేయించిన చేపలు. మాట దగ్గర జనం ఏ మొర పెట్టుకున్నా స్పార్టా వాళ్ళలా అయిదు మాటలు దాటకూడదు. తాను ఏథెన్సు వాళ్ళలా పొద్దు వాలేదాకా మాట్లాడవచ్చు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా చాలంటారు. ఇక్కడ వడ్డించేవాడూ తినేవాడూ ఒకడే అయిపోయాడు.

ఆ చేపలు వేయించేదీ, ఆ నల్లచారు కాచేదీ మెలిత్త. రాజుగారి వంటశాలకు పెద్ద వంటమనిషి. చారు ముక్కు మూసుకుని కాచింది. అయిదు మాటల మొరలు చెవులప్పగించి విన్నది. ఏం చేస్తాం, పెద్దవాళ్ళ తిక్క అనుకుని ఊరుకుంది.

తిక్క గోడ మీదికి వచ్చింది.

ఏథెన్సులో కొండవాలున నాటకశాల ఉందని పండితుడు చెప్పాడు. రాజుకు పద్యాలు రాసే జబ్బు ఒకటి ఉంది. వాటిని చదవడానికి తనకూ అలాంటిది కావాలన్నాడు. దీవిలో అన్ని రాళ్ళెక్కడివి? పండితుడు క్షణం ఆలోచించి, స్పార్టాకు గోడ లేదు గదా ప్రభూ, మనకు మాత్రం ఎందుకు, సముద్రం వైపు గోడ విప్పి ఆ రాళ్ళతో కట్టేద్దాం అన్నాడు. రాజు లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మనుషులు గునపాలతో దిగారు.

ఆ మాట వినగానే మెలిత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? పన్నెండేళ్ళ కిందట అక్కడ గోడ లేదు. ఓడదొంగలు తిన్నగా రేవులోకి వచ్చి, వలలు బాగుచేసుకుంటున్న నలభైమంది మగవాళ్ళను తాళ్ళతో కట్టి తీసుకుపోయారు. అందులో ఆమె భర్త ఒకడు. ఏ సంతలో అమ్మారో ఈనాటికీ తెలియదు. ఆ తరవాత మిగిలిన ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ మూడేళ్ళు రాళ్ళు మోసి ఆ గోడ కట్టుకున్నారు. రాజమందిరం నుంచి ఒక్కడు వచ్చి ఒక్క రాయి ఎత్తిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ గోడ విప్పి, దాని మీద కూర్చోబెట్టి పద్యాలు వినిపిస్తారట. సిగ్గుండాలి.

అయిదు మాటల్లో ఇదంతా ఎట్లా చెబుతుంది? పళ్ళు నూరుకుంటూ చేపలు వేయించింది. మధ్యాహ్నం పండితుడు భోజనానికి వస్తే, ఆ రెండు పట్నాల రాజుల భోజనాలు ఎట్లా ఉంటాయండీ అని వినయంగా అడిగింది. ఆయన ముల్లు చీకుతూ ఉన్నదున్నట్టు చెప్పాడు. విన్నది విన్నట్టే గరిటె పక్కన పెట్టేసింది మెలిత్త.

మర్నాడు కొలువు నిండుగా ఉంది. మెలిత్త ఒక కుర్చీ మోసుకొచ్చి సింహాసనం పక్కన, దానికి సమంగా వేసింది. ఆమె వెనకాల గాడిదలు తోలే కోరాక్సు వచ్చి, కాళ్ళకున్న బురద దులుపుకుని, అందులో కూర్చున్నాడు. కొలువంతా నోళ్ళు వెళ్ళబెట్టింది.

"మహాప్రభూ, రెండో రాజును తీసుకొచ్చాను" అంది. లెక్కకు అయిదు మాటలు కూడా కాలేదు.

రాజు ముఖం కందగడ్డయింది. ఏమిటీ పిచ్చి, వివరంగా చెప్పమన్నాడు. అయితే ఏథెన్సు పద్ధతిలో మాట్లాడవచ్చా అని అడిగి, సెలవైన తరవాతే మెలిత్త నోరు తెరిచింది. తాను వంటమనిషినని, తనకేమీ తెలియదని, ఏథెన్సులో రాజులెందరో స్పార్టాలో ఎందరో పండితులవారే సెలవియ్యాలని అన్నది.

హెర్మగోరుడికి చెమట పోసింది. చెప్పక తప్పలేదు. "ఏథెన్సులో రాజు లేడు ప్రభూ. ఎప్పుడో తీసేశారు. స్పార్టాలో... ఇద్దరు."

"విన్నారుగా ప్రభూ" అంది మెలిత్త. "స్పార్టా పద్ధతంటే కోరాక్సు ఇక్కడే ఉంటాడు. నల్లచారు కాచి ఉంచాను, అక్కడ రాజులకూ అదేనట. ఏథెన్సు పద్ధతంటే చెప్పండి, రెండు కుర్చీలూ తీసేస్తాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక్కడ తాతముత్తాతల నుంచీ రాజు ఒక్కడేనని గొణిగాడు దమోఫంతుడు.

"అది మూడో పద్ధతి ప్రభూ. దానికి మీరు పడవ సిద్ధం చేయించారు."

కోరాక్సు బిక్కచచ్చిపోయి, తనకు రాజ్యం వద్దని, గాడిదలు ఎండలో ఉన్నాయని, సెలవిప్పిస్తే వెళ్తానని బతిమాలుకున్నాడు. అంతే, రాజుకు నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కొలువంతా నవ్వింది. ఆ దండోరా అప్పటికప్పుడే రద్దయింది. రాజు మెడలోని హారం తీసి పట్టుకుని, ఇదిగో తీసుకో, ఇంకేం కావాలో కోరుకో అన్నాడు.

మెలిత్త నవ్వలేదు. హారం అందుకోనూ లేదు.

"మీకు నవ్వొస్తోంది ప్రభూ, నాకు రావడం లేదు. మీ కుర్చీకి ముప్పనేసరికి చట్టం గడియలో పోయింది. నిన్న గోడ విప్పుతుంటే ఇక్కడ ఒక్కరూ కదల్లేదు. మగవాళ్ళే గోడ అంటారట స్పార్టాలో. మా గోడను పన్నెండేళ్ళ కిందట ఓడెక్కించుకుపోయారు. అందుకే రాళ్ళతో కట్టుకున్నాం. నాకు హారమెందుకు? విప్పిన రాళ్ళు పొద్దుగూకేలోగా మళ్ళీ ఎక్కించండి."

నవ్వులు ఆగిపోయాయి. రాజు లేచి తానే ముందు నడిచాడు. పండితుడూ, సేనానీ, కొలువంతా వెనకాల నడిచారు. ఆ సాయంత్రం రేవులో జనం చూస్తుండగా దమోఫంతుడు ఒక రాయి భుజానికెత్తుకున్నాడు. పది అడుగులు వేసేసరికి రొప్పు వచ్చింది. అన్నీ ఇంత బరువేనా అని మెలిత్తను అడిగాడు.

"ఇది చిన్నది ప్రభూ" అంది మెలిత్త. "పెద్దవి మేం మోశాం."