పోలయ్య పేరు దగ్గర

"పోలయ్యా!"

సూరన్న మాస్టారి కేక చిత్తడినేల మీదుగా సాగి, తుంగపొదల్లో ఎక్కడో ఆగిపోయింది. ఎవరూ పలకలేదు. మనిషి పలకడానికి పట్టేంతసేపు ఆగి, మాస్టారు తరవాతి పేరు పిలిచారు.

కొంగలమడుగు అడవిలో అది ఆయన పెట్టిన అలవాటు. పొద్దువాలి కాలిబాటల గేటు మూసేముందు, లోపల తిరిగే వాళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తారు, ఊబిలో ఎవరూ మిగిలిపోకూడదని. గడ్డి కోసే అప్పలమ్మ నవ్వింది. "ఇక్కడ్నుంచి అరిస్తే ఇటుకబట్టీకి పోయినోడికి వినబడుతుందేటి మాస్టారూ?"

పక్కనున్న హైమ నవ్వలేదు. వచ్చినవాళ్ళకి అడవి చూపించే పని మాస్టారి దగ్గర నేర్చుకుంటోంది. నీళ్ళమీద రాలిన ప్రతి ఆకూ తనకే వచ్చిన ఉత్తరమనుకునే వయసు. మొన్న వేసవిలో ఫోటోలవాళ్ళు ముచ్చటపడ్డారని, గుడ్డికొంగ గూటికి అడ్డున్న తుమ్మకొమ్మల్ని, మాస్టారిచ్చిన కత్తెరతో తనే కోసేసింది. గూటికి నీడ పోయింది, చాటూ పోయింది. మూడోనాటికి పిల్లల్ని కాకులు ఎత్తుకుపోయాయి. మేకల మేతకోసం పోలయ్యే ఆ కొమ్మలు కొట్టాడని అందరూ అన్నారు. హైమ ఔననలేదు, కాదనలేదు. దాంతో పోలయ్యని ఎవరూ మరి లోపలికి రానివ్వలేదు. మేత కరువై మేకల్ని తెగనమ్ముకుని, పెళ్ళాం బిడ్డలతో ఇటుకబట్టీకి పోయాడు.

అప్పట్నుంచి హైమ ఆ బాట పొడుగునా తుమ్మమొక్కలు నాటుతూనే ఉంది. అందరూ వెళ్ళిపోయాక, ఆ సాయంత్రం తడుముకుంటూ అడిగింది. "మాస్టారూ, తప్పు చేసినవాళ్ళు దానికి నాలుగింతలు మంచి చేస్తే, నోటితో చెప్పకపోయినా సరిపోతుందా?"

మాస్టారు మొక్కల వంక చూశారు. ఆమె వంక చూశారు. గేటుకి తాళం వేశారు.

మర్నాడు సాయంత్రం మాత్రం, గొంతు పట్టేసింది, ఈ పూట నువ్వు పిలువమ్మా అన్నారు.

హైమ పిలిచింది. అప్పలమ్మ పలికింది. వలలు వేసే రామ్మూర్తి పలికాడు. ఆ తరవాతి పేరు పోలయ్యది. హైమ మడుగు వంక చూసింది. మడుగు అంచున, కోసేసిన ఆ కొమ్మ మొదలు మీద, ఒంటికొంగ ఒకటి మెడ ముడుచుకుని కూర్చుంది. వాన కురిసి వెలిసిన ఆకాశం నీళ్ళలో ఎర్రగా వణుకుతోంది. ఇన్నాళ్ళూ మాస్టారు ఆ పేరు దగ్గర ఎంతసేపు ఆగేవారో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"కొమ్మలు కోసింది పోలయ్య కాదు," అంది హైమ, అందరికీ వినబడేలా. "నేను."

అప్పలమ్మ నెత్తిమీది గడ్డిమోపు దించేసింది. పోలయ్య ఏ ఊరి బట్టీలో ఉన్నాడో అక్కడున్నవాళ్ళలో ఒక్కరికీ తెలీదు.

మాస్టారు మెల్లగా వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.

"ఆ కోత కొడవలిది కాదు, కత్తెరదని నాకు ఆనాడే తెలుసమ్మా," అన్నారు. "ఇద్దరం నోరు విప్పలేదు. నువ్వు మొక్కలు నాటావు. నేను పేరు పిలిచాను."