తెలుసులే నాయుడు, కొబ్బరినూనె సీసా

చింతపల్లిలో గౌరునాయుడనే మెకానిక్కు ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది గానీ, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం వీసమంత లేదు. మోటారు తెచ్చినవాడు "నాయుడూ, ఇది నిన్నటినుంచి..." అనేలోగానే "తెలుసులే, తెలుసులే" అంటూ మరలు విప్పేసేవాడు. అందుకే ఆయనకి తెలుసులే నాయుడని పేరు పడిపోయింది. ఆ పేరు వింటే ఆయనకి కోపం వచ్చేది కాదు. పైగా మురిసిపోయేవాడు, అదీ విడ్డూరం!

లంబసింగి దగ్గర సన్యాసిరావు గారికి ఒక అతిథిగృహం ఉండేది. అక్కడి చలి సంగతి మీరు వినే ఉంటారు. అందుకని ఆయన హాల్లో గోడలోకి ఒక ఇనుప కట్టెల పొయ్యి పెట్టించారు. దాని అడుగున చిన్న ఫ్యాను ఉండేది. అది వేడిగాలిని గదిలోకి తోసేది. రోజూ పొద్దున్నే వచ్చి ఆ పొయ్యి రాజేసేది సోములమ్మ. పక్క గూడెం మనిషి. ఆ పనితోనే ఇల్లు నడుపుకునేది. అది పోతే ఇంకో పని కోసం పిల్లల్ని వదిలి కొండ దిగాల్సిందే.

దసరా వెళ్లిన వారంలో ఫ్యాను గరగరమంది. సన్యాసిరావు గారు నాయుణ్ణి పిలిపించారు. నాయుడు ఫ్యాను విప్పి, రెక్కలకి పట్టిన బూడిద దులిపి, నూనె కోసం సంచిలో చేయి పెట్టాడు. మెషీన్ ఆయిల్ సీసా ఖాళీ! కిటికీలో సోములమ్మ తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా కనిపించింది. దాన్ని తీసి ఫ్యాను ఇరుసుకి రెండువైపులా ధారాళంగా పోశాడు.

"అయ్యో, నాయుడుబాబూ! అది చలికాలమొస్తే..." అంది సోములమ్మ.

"తెలుసులే అమ్మా! నూనె ఏదైనా నూనేగా!" అన్నాడు నాయుడు.

నిజమే, ఫ్యాను మెత్తగా తిరిగింది. నాయుడు టీ తాగి వెళ్లిపోయాడు.

పుష్యమాసం వచ్చింది. చలి గజగజ వణికించేస్తోంది. ఒకరోజు పొద్దున్నే సోములమ్మ పొయ్యి రాజేసి ఫ్యాను స్విచ్చి వేయగానే అది కీచుమని అరిచింది. గదుల్లో పడుకున్న అతిథులు దుప్పట్లు కప్పుకునే బయటికొచ్చి గొడవ చేశారు.

నాయుడు తీరిగ్గా పదింటికి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. అప్పటికి పొయ్యి నాలుగు గంటలుగా మండుతోంది. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"ఏదీ మోత?" అన్నాడు.

"ఇప్పుడుండదు బాబూ. పొద్దున్న పొయ్యి రాజేసినప్పుడు..."

"తెలుసులే. మరలు వదులైపోయుంటాయి" అని బిగించి వెళ్లాడు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే కీచు. ఈసారి నాయుడు వచ్చి ఫ్యాను కింద కొత్త రబ్బరు ముక్కలు పెట్టాడు. సోములమ్మ నోరు తెరిచింది. "తెలుసులే" అన్నాడు. ఆ మర్నాడూ మోగింది. అప్పుడు నాయుడికి రోషం వచ్చింది.

"నా పనిలో లోపం లేదండీ. నేనున్నప్పుడు బంగారంలా తిరుగుతోంది. నేను వెళ్లాకే మోగుతోందంటే, ఎవరో దీన్ని కెలుకుతున్నారన్నమాట" అన్నాడు సన్యాసిరావు గారితో.

ఆ ఫ్యాను దగ్గరికి వెళ్లేది సోములమ్మ ఒక్కతే. చూశారా, మోగింది ఫ్యాను, దోషి సోములమ్మ! చెబుతుంటేనే ఒళ్లు మండుతుంది నాకు.

"నిజం చెప్పు. నీళ్లు పోసి కడిగావా? చీపురుతో పొడిచావా?" అని సన్యాసిరావు గారు గద్దించారు.

సోములమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "నా పిల్లల మీద ఒట్టు బాబుగారూ, నేనేం చెయ్యలేదు. నాయుడుబాబుని ఒక్కసారి ఆరింటికి రమ్మనండి. మీరూ ఉండండి. చూసి చెబుదురుగాని."

"సరే, రేపు ఆరింటికి ముగ్గురం ఉందాం. తప్పు నీదని తేలితే మాత్రం ఇక పనిలోకి రానక్కర్లేదు" అన్నారాయన.

మర్నాడు ఆరింటికి నాయుడు మంకీ టోపీ పెట్టుకుని వణుకుతూ వచ్చాడు. సోములమ్మ పొయ్యి రాజేసి స్విచ్చి వేసింది. ఫ్యాను కీచుమంది. సన్యాసిరావు గారు ఆమె వంక గుర్రుగా చూశారు. నాయుడు స్క్రూడ్రైవర్ తీశాడు.

సోములమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చింది. నాయుడి అరచేతి మీద దాన్ని తలకిందులుగా పట్టుకుంది. ఒక్క చుక్క పడలేదు. నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది.

"ఆవేళ మీరు పోసింది ఇదే బాబూ. తలకి రాసుకోవాలంటే నేను దీన్ని పొయ్యి దగ్గర పెట్టుకుని కరిగించుకుంటాను. పాపం, ఫ్యాను ఏటి చేస్తుంది? అరుస్తుంది" అని సీసాని పొయ్యి ముందున్న గట్టు మీద పెట్టింది.

ముగ్గురూ కూర్చుని చూశారు. మంట అందుకుంది. సీసాలో నూనె అంచులనుంచి కరగసాగింది. కీచు కూడా సన్నబడుతూ వచ్చింది. సీసాలో నూనె నీళ్లలా అయ్యేసరికి ఫ్యాను చప్పుడు చేయకుండా తిరుగుతోంది.

నాయుడు అలవాటుగా "తెలు..." అన్నాడు. అని ఆగిపోయాడు.

"తెలీదమ్మా. నాకు తెలీలేదు. ఆరోజు నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

"ఆరోజూ ఇదే. తర్వాత మీరొచ్చిన ప్రతిసారీ ఇదే" అంది సోములమ్మ. ఆమె నవ్వలేదు.

నాయుడికి తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదండీ. తెచ్చి ఈమె నెత్తిన రుద్దాను" అన్నాడు.

"నేను మాత్రం? ఏం చేశావని గద్దించాను గానీ, ఏం చూశావని అడగలేదు" అని సన్యాసిరావు గారు సోములమ్మ వైపు తిరిగారు. "మనసులో పెట్టుకోకమ్మా. నీ పని నీదే."

పొయ్యి చల్లారాక నాయుడు ఫ్యాను విప్పి, ఇరుసుని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మెషీన్ ఆయిల్ మూడే చుక్కలు వేశాడు. మర్నాడు ఎవరూ పిలవకుండానే ఆరింటికి వచ్చాడు. ఫ్యాను కీచుమనలేదు. ఆ తర్వాత ఎవరు ఏ మోటారు తెచ్చినా ముందు చేతులు కట్టుకుని "ఎప్పుడు మోగుతోంది? చెప్పు, వింటాను" అనేవాడు. తెలుసులే నాయుడన్న పేరు మాత్రం పోలేదు. ఊళ్లో పడ్డ పేరు అంత తేలిగ్గా పోతుందా!

నీతి: ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినాలి, సగం మాటకే 'తెలుసు' అనేవాడు తన పని చెడగొట్టుకోవడమే కాదు, ఏ తప్పూ చేయనివాళ్ల మీదికి నింద తెచ్చిపెడతాడు.