కొమ్రవ్వ వాకిట్లో గరిక

ఒకప్పుడు గడ్డి అన్నాక ఒంటికాలి మీదే నిలబడేది. దర్భ అయినా, రెల్లు అయినా, గరిక అయినా సరే, మొక్కకి ఒక్కచోటే వేరు.

ఆ రోజుల్లో ఒక గుట్ట పక్కన కొమ్రవ్వ అనే ముసలామె గొర్రెల్ని, మేకల్ని కాచుకుంటూ ఉండేది. ఆమెకు అనుమానం జాస్తి. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వారా అని పొద్దుగూకేదాకా ఆలోచించేది. పాలు తోడేసి, తోడుకుందో లేదోనని గడియకోసారి కుండ కదిపి చూసేది. అలా కదిపితే పెరుగెక్కడ గడ్డకడుతుంది? తిట్లు మాత్రం పాలిచ్చిన మేకకి పడేవి.

ఈ లోకంలో ఆమె నమ్మింది తన రెండు కుక్కల్నే. వాటి పేర్లు పిడుగు, సుడి. పేర్లకు తగ్గట్టే వాకిట్లో ఒకటే ఉరుకులు. ఆ ఉరుకులకి ఒక్క పరక మొలిచేది కాదు. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. పోయిన వానలకు ఆ బురదలో నిలబడీ నిలబడీ గొర్రెపిల్లల గిట్టలు కుళ్ళాయి. రెండు పిల్లలు చచ్చిపోయాయి.

ఆమె తమ్ముడు బీరయ్యకి ఒళ్ళు మండింది.

"అక్కా, మల్ల వానలు పడెటాల్లకు వాకిట్ల గడ్డి పట్టాలె. లేకుంటె నీ కుక్కలను గుట్టకవతల ఇడిసొస్త" అన్నాడు.

కొమ్రవ్వ గుండెల్లో రాయి పడింది. "నా వాకిట్ల ఎవరుంటరు? కుక్కల కాళ్ళకు ఎవరు తట్టుకుంటరు?" అని గడ్డి జాతులన్నిటికీ కబురు పెట్టింది.

ముందు రెల్లు ఊగుతూ వచ్చింది. "నేనుంట అవ్వా."

కొమ్రవ్వ దాన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఇంత పొడుగున్నవ్. నీ సాటున తోడేలు దాక్కుంటె నాకెట్ల కనవడతది? పో, పో."

తర్వాత దర్భ వచ్చింది. "నాది గట్టి పరక. తొక్కినా మళ్ళ లేస్త" అంది.

కొమ్రవ్వకి నమ్మకం కుదరలేదు. అయినా వేరే దారి లేక నాటింది. ఏడో రోజుకల్లా దర్భ ఎండిపోయింది.

"అబద్ధాలకోరు! నేను అప్పుడే అనుకున్న" అని దాన్ని దులిపి అవతల పారేసింది. ఆ మాట ఊరంతా పాకింది. ఇక ఏ గడ్డీ ఆమె గడప తొక్కలేదు.

గుట్ట మీద మబ్బులు కమ్మాయి. బీరయ్య తాడు పేనుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు ఒక బక్కపరక వచ్చి వాకిట్లో నిలబడింది. అది గరిక.

"నిన్నెవరు పిలిసిండ్రు? పిలవకుండ వచ్చినవంటె ఏదో మతలబుంది" అంది కొమ్రవ్వ.

"ఉంది అవ్వా, ఎందుకు దాయాలె? బయట అడవిపందులు నన్ను తవ్విపోస్తున్నయి. నీ కుక్కలున్న కాడికి అవి రావు."

స్వార్థం ఉందని వినగానే కొమ్రవ్వ మనసు కొంచెం కుదుటపడింది. వాకిలంతా గరిక నాటింది.

మర్నాడు తెల్లారగానే వచ్చి, ఒక మొక్కని పట్టుకుని పైకి లాగింది.

"అబ్బా! ఏం చేస్తున్నవ్ అవ్వా?" అని అరిచింది గరిక.

"వేరు పట్టిందో లేదో సూస్తున్న."

"గిట్ల పీకి సూస్తె ఎట్ల పడతది?"

"సూడకుంటె ఎట్ల నమ్మాలె?"

గరికకి సంగతి అర్థమైంది. కుక్కలు తొక్కితే నడుం వంగుతుంది, అంతే. ప్రాణం తీసేది ఈ చెయ్యే. దాంతో అది ఒక ఉపాయం ఆలోచించింది. పిడుగు తొక్కి పడుకోబెట్టిన చోట ఇక లేవలేదు. నేలకి తగిలిన కణుపు దగ్గర గుట్టుగా ఇంకో వేరు దించింది. సుడి ఇంకోచోట తొక్కితే అక్కడ మరొకటి దించింది. కుక్కలు ఎంత ఉరికితే గరిక అంత దూరం పాకింది. కొమ్రవ్వ రోజూ ఒకచోట పీకుతూనే ఉంది.

వాన రానే వచ్చింది. బీరయ్య కుక్కల మెడలకి తాడు కట్టాడు. అవి తోకలు ముడుచుకుని కొమ్రవ్వ వంక చూశాయి.

ఆమె వంగి ఆఖరిసారి గరికని లాగింది. ఒక పరక తెగి చేతిలోకి వచ్చేసింది. "అయిపాయె!" అని కూలబడింది. కానీ మిగతా గరిక కదల్లేదు. ఆ పక్కన లాగింది, రాలేదు. ఈ పక్కన లాగింది, రాలేదు. వాన కుండపోతగా పడుతున్నా వాకిట్లో చారెడు బురద లేదు.

"దర్భను కూడ గిట్లనే రోజూ పీకి సూసినవా అవ్వా?" అంది గరిక మెల్లగా.

కొమ్రవ్వ తన చేతిలోని పరకని చూసుకుంది. పాపం, దర్భ అబద్ధం ఆడలేదు. కుక్కల తప్పూ లేదు. ఆమెకు సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బీరయ్య వంగి కుక్కల తాళ్ళు విప్పాడు. పిడుగు, సుడి వానలోకి దూకాయి.

"గిన్ని వేర్లు దించినవ్ గదా, అండ్ల నువ్వు నమ్మింది ఏ వేరును?" అని అడిగింది కొమ్రవ్వ.

"ఏ ఒక్కదాన్నీ నమ్మ అవ్వా. నీ కాడనే నేర్చుకున్న" అంది గరిక.

అప్పటినుంచే గరిక నేల మీద పాకుతూ, కణుపు కణుపుకీ ఒక వేరు దించుతూ పోతుంది. కుక్కలు తొక్కినా, ఎవరు పీకినా చావదు. ఈనాటికీ అది ఒక్క వేరుని నమ్ముకుని బతకదు.