నూకాలు పీత గోధుమరంగు దుబ్బు

అనగనగా ఒక అడవి. చెట్ల అడవి కాదర్రా, సముద్రం అడుగున పగడాల అడవి. అక్కడ కొమ్మలన్నీ పగడాలే, ఆ కొమ్మల్లో తిరిగేవన్నీ చేపలూ రొయ్యలూ పీతలే. ఆ అడవిలో నూకాలు అనే పీత ఉండేది.

నూకాలు ఇల్లు ఒక గోధుమరంగు పగడపు దుబ్బు. దానికి పన్నెండు కొమ్మలు. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు, తడిసిన బెల్లం రంగు. అయితేనేం, ఎంత పెద్ద అల వచ్చినా ఆ కొమ్మల మధ్య దూరిపోతే నూకాలుకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పైగా ఆ ఏడు నూకాలు నిండు చూలాలు. పొట్ట కింద బోలెడు గుడ్లు మోస్తోంది. తుఫాన్ల కాలం దాటితే అవి పిల్లలవుతాయి. అందాకా వాటిని కాపాడుకోవాలి. నూకాలుకి రాత్రీ పగలూ అదే ధ్యాస.

అదే ధ్యాస అన్నానా? సోంబాబు వచ్చేదాకా అదే ధ్యాస!

సోంబాబు ఎవరంటారా? చిలకచేప. చిలక ముక్కులాంటి మూతి, కొరికితే పగడం కూడా పటుక్కున విరగాల్సిందే. పగడం కొమ్మలోంచి చిన్న ముక్క విరిచి రాయికి అంటిస్తే, అది బతికి కొత్త దుబ్బవుతుంది. అరటికి పిలక ఉన్నట్టే. అందుకే దాన్నీ పిలక అనేవాళ్ళు. సోంబాబు దూరదూరాల నుంచి రంగురంగుల పిలకలు తెచ్చి అమ్మేవాడు. బదులుగా గోధుమరంగు కొమ్మలు పుచ్చుకునేవాడు. అతనికి అవంటే ప్రాణం. కరకరా నమిలి తినేవాడు.

ఒకరోజు సోంబాబు గడ్డిరంగులో మెరిసే పిలక పట్టుకొచ్చాడు.

"నూకాలొదినా! దీని పేరు పచ్చల హారం. ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు. మూడు కొమ్మలిస్తే నీదే" అన్నాడు.

"మూడే! వేలెడంత లేదు కదయ్యా!" అంది నూకాలు.

"నీ ఇష్టం. మాణిక్యం అడుగుతోంది, ఆవిడకిచ్చేస్తాను."

మాణిక్యం అంటే పక్కింటి రొయ్య. ఆ మాట వినగానే నూకాలుకి ఒళ్ళు మండింది. "ఆగాగు!" అంది. సోంబాబు పటుక్కున మూడు కొమ్మలు విరిచి, నములుకుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు నూకాలు గుమ్మం ముందు జాతరే. వచ్చినవాళ్ళంతా "ఎంత బావుందో!" అంటుంటే నూకాలు డెక్కలు ఎగరేసి తిప్పింది. కానీ సోంబాబు ఇంకో పదిమందికి అవే పిలకలు అమ్మాడు. ఆ పదిమందీ పెంచి, విరిచి, ఇంకో పదేసి మందికిచ్చారు. నెల తిరిగేసరికి పచ్చల హారం లేని గుమ్మం లేదు. ఒక్క కొమ్మకి కూడా కాదు, ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునే నాథుడు లేడు.

అప్పుడే సోంబాబు రెండో పిలకతో దిగాడు. అది నారింజరంగు.

"అది పాతబడిపోయిందొదినా. ఇది పొద్దుపొడుపు. ఇప్పుడు అందరూ దీనికోసమే ఎగబడుతున్నారు. నాలుగు కొమ్మలు."

నూకాలు ఈసారి బేరం కూడా ఆడలేదు. మాణిక్యం కంటే ముందు కొనాలని దాని తాపత్రయం. నాలుగు కొమ్మలూ పటపటా విరిగాయి. నెల తిరిగింది. ఏమైందో మీరే చెప్పండి! ఆఁ, అదే అయింది. ఎక్కడ చూసినా పొద్దుపొడుపే.

ఏంటా కిసకిసలు? పోయినేడు బడికి లైట్ల చెప్పులు కావాలని నేలమీద పడి దొర్లిందెవరు? ఇప్పుడవి అటకమీద దుమ్ము కొట్టుకుంటున్నాయి. నూకాలుని చూసి నవ్వే మొహాలేనా ఇవి! సరే, వినండి.

ఇంతలో ఎండలు ముదిరాయి. సముద్రం నీళ్ళు వేడెక్కాయి. సోంబాబు మూడోసారి వచ్చాడు. ఈసారి పిలక తెల్లగా, పాల నురగలా ఉంది.

"దీని పేరు వెన్నముద్ద. ఇంత తెల్లటిది నా జన్మలో చూడలేదు. ఐదు కొమ్మలు" అన్నాడు.

నూకాలు ఇంటికేసి చూసుకుంది. పన్నెండులో మూడు పోయాయి, నాలుగు పోయాయి. మిగిలినవే ఐదు. అయినా కళ్ళు ఆ తెల్లటి పిలక మీద నుంచి రావే!

"రేపు రా" అంది. గబగబా మాణిక్యం దగ్గరికి పరిగెత్తింది.

"మాణిక్యం, నా పచ్చల హారం, పొద్దుపొడుపు రెండూ తీసుకో. రెండు కొమ్మలివ్వు చాలు" అంది.

మాణిక్యం మీసాలు ఊపింది. "నయం! మా ఇంట్లో అవి అడుగు పెట్టడానికి చోటు లేనన్ని ఉన్నాయి. కావాలంటే నువ్వే పట్టుకెళ్ళొదినా, పుణ్యముంటుంది" అంది.

నూకాలు చిన్నబోయి ఇంటికొచ్చింది. దారి పొడుగునా ఆ పచ్చా నారింజా పిలకలే, ఎవరూ పట్టించుకోక ఇసకలో పడి ఉన్నాయి. ఏడు కొమ్మలు పోశాను కదా వీటికి, అనుకుంది. అనుకునేసరికి దుఃఖం ముంచుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సోంబాబు హాజరు.

"సోంబాబూ, ఒక్క మాట. మీ ఇంటి ముందు ఏ రంగు నాటుకున్నావు?" అని అడిగింది నూకాలు.

సోంబాబు పకపకా నవ్వాడు. "భలేదానివే! నెలకో మోజు మారుతుంటే నా ఇల్లెందుకు పాడుచేసుకుంటాను? మా దుబ్బు మా దుబ్బే!" అనేసి, చప్పున నాలిక కరుచుకున్నాడు.

నూకాలు పొట్ట కింద గుడ్లు మెల్లగా కదిలాయి. అది నాలుగు అడుగులు వెనక్కి వేసి, మిగిలిన ఐదు కొమ్మలకీ ఆనుకుని నిలబడింది.

"నాకొద్దు" అంది.

"మాణిక్యం కొంటుందొదినా!"

"కొననీ."

మాణిక్యం కొంది. తన దుబ్బులో మిగిలిన కొమ్మలు ఐదుకి ఐదూ ఇచ్చి కొంది. నూకాలుకి ఉడుకుమోత్తనం రాలేదంటే నేను అబద్ధమాడినట్టే. మూడు రోజులు అటు చూడకుండా తిరిగింది. కానీ ఆ తెల్లదనం ఎక్కడిదో తెలుసా? జబ్బుది! నీళ్ళు వేడెక్కితే పగడానికి ఒంట్లో సత్తువ పోయి అలా పాలిపోతుంది. మూడో వారానికి వెన్నముద్ద చచ్చి, దానిమీద నాచు పట్టింది.

ఆ వెంటనే తుఫాను వచ్చింది. పట్టపగలే నీళ్ళు నల్లబడ్డాయి. అడుగునున్న ఇసకంతా పైకి లేచింది. అంటించిన పిలకలన్నీ రాళ్ళతో సహా దొర్లుకుంటూ పోయాయి. మాణిక్యం కూడా గిరగిరా తిరుగుతూ కొట్టుకొచ్చింది.

"నూకాలొదినా! మా ఇంట్లో పట్టుకోడానికి పుల్ల లేదే!" అని ఏడ్చింది.

నూకాలు డెక్క చాచి దాన్ని లోపలికి లాక్కుంది. వెనకే ఇరుగుపొరుగువాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చారు. చోటు ఇరుకే. నా ఏడు కొమ్మలూ ఉంటే ఎంత బావుండేది, అని నూకాలు ఎన్నిసార్లు అనుకుందో. ఒకరి మీద ఒకరు పడి, ఆ ఐదు కొమ్మల్నే కరుచుకుని కూర్చున్నారు. దుబ్బు ఊగింది, మూలిగింది, కానీ విరగలేదు. తుఫాను వెలిసింది. నూకాలు పొట్ట తడిమి చూసుకుంది. ఒక్క గుడ్డు కూడా రాలలేదు. ఆనందం పట్టలేక నూకాలు ఏడ్చేసింది.

వారానికి గుడ్లు పగిలి, కంటికి ఆనీ ఆననంత పిల్లలు నీళ్ళల్లోకి ఈదుకెళ్ళాయి. నూకాలు గుమ్మంలో కూర్చుని తృప్తిగా వాటికేసి చూస్తుంటే, సోంబాబు రొప్పుకుంటూ వచ్చాడు.

"ఒదినా, నీ పంట పండింది! గోధుమరంగు దుబ్బులన్నీ పోయి, ఇప్పుడు ఎక్కడ విన్నా అదే మాట. ఒక్క పిలకకి ఏమడిగితే అదిస్తారు. వేలెడు ముక్క చాలు, మనిద్దరం చెరిసగం!"

నూకాలు లేచింది. తన డెక్కతోనే జాగ్రత్తగా కొమ్మల చివర్లు చిదిమి, నాలుగు చిన్న పిలకలు తీసింది. మాణిక్యాన్నీ, ఆ ముగ్గుర్నీ పిలిచి తలా ఒకటి చేతిలో పెట్టింది.

"గట్టి రాయికి అంటించండి. పెరిగాక మీరూ ఇంకొకరికివ్వండి. ఊరికే" అంది.

సోంబాబు గుడ్లు తేలేశాడు. "అయ్యయ్యో! అందరికీ ఇలా పంచేస్తే దీనికి ధరేం ఉంటుంది?"

"ధర ఉండదు సోంబాబూ," అంది నూకాలు నవ్వుతూ, "అందరికీ ఇల్లుంటుంది."

నీతి: పదిమంది ఎగబడినంత మాత్రాన ఏ వస్తువూ గొప్పది కాదు, కష్టంలో మనల్ని కాపాడేదాన్ని మోజుకోసం పోగొట్టుకోకూడదు.