చిలక రెక్క కింద

లింగమూర్తి అరుగు మీద కూర్చోగానే గురువుకు షరతు పెట్టాడు.

"అమ్మా, అందరు చెప్పే మాటే నువ్వు గూడ చెప్తే, రేపటి నుంచి నీ గడప తొక్క. ముందుగాలనే చెప్తున్న."

గురువు పేరు ఈదమ్మ. గుడీ విగ్రహం లేని అచల మార్గంలో ఉపదేశం ఇచ్చే ముసలావిడ. ఆమెకు ఆశ్రమం లేదు, కాషాయం లేదు. నగరం చివర రెండు గదుల ఇల్లు, ఆ ఇంటికి ఓ అరుగు, అంతే. వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని గోడు చెప్పుకుంటారు, ఆమె చింతపండులో గింజలు తీస్తూ వింటుంది. వయసుకు నడుము బాగా వంగిపోయింది. దూరం నుంచి చూస్తే నిలబడిందో కూర్చుందో తెలియదు.

"అందరేం చెప్తున్రు?" అంది.

"పార్కుకు పోవుడు బంద్ చెయ్యమంటున్రు."

ఆ పార్కు పేరు రంగులపురి. ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉంటుంది. సెలవు వస్తే చాలు, నగరంలో సగం మంది పిల్లల్ని వెంటేసుకుని అక్కడే తేలతారు. లింగమూర్తికి మాత్రం సెలవుతో పని లేదు. మధ్యాహ్నం దాకా తన కరెంటు సామాన్ల కొట్టు చూసుకుని, తర్వాత తమ్ముడికి అప్పగించి, ఏడాది పాసు మెడలో వేసుకుని బయల్దేరతాడు. వాన పడ్డా, పండగైనా, ఒళ్లు కాలిపోతున్నా సరే, ఆరేళ్లుగా ఒక్క రోజు మానలేదు. అతన్ని అక్కడి ఉద్యోగి అనుకుని బాత్రూములు ఎటువైపని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. పాపం, ఓపిగ్గా దారి చూపిస్తాడు.

లోపలికి వెళ్లి ఏ ఆటా ఆడడు. నేరుగా గరుడ అనే రోలర్ కోస్టర్ దగ్గరికి పోతాడు. దాని వాకిట్లో పిల్లల ఎత్తు చూడటానికి పెట్టిన చెక్క చిలక ఒకటుంది. చిలక ఒక రెక్క చాచి ఉంటుంది. ఆ రెక్క కింద నిలబడాలి. తల తాకితే లోపలికి, తాకకపోతే వెనక్కి. లింగమూర్తి ఆ చిలక పక్కన చీకటిపడే దాకా నిలబడి ఇంటికొస్తాడు.

ఎందుకో ఈదమ్మకు తెలుసు. కూతురు తేజును పుట్టినరోజుకు అక్కడికి తీసుకెళ్లాడు. పిల్ల తల రెక్కకు రెండు వేళ్ల కింద ఆగిపోయింది. మడమలెత్తింది, జుట్టు నెత్తిమీదికి దువ్వుకుంది, అయినా పనికాలేదు. వెక్కి వెక్కి ఏడుస్తుంటే తండ్రి పిల్ల చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

"వచ్చే ఏడు తాకుతవ్ బిడ్డా. అప్పుడు ఇద్దరం కలిసి ఎక్కుదం. పైనుంచి ఏమేం కనవడ్తదో చూద్దం."

"ఇంకా?" అంది తేజు. ఏం చెప్పినా ఆ పిల్ల నోట వచ్చే మాట అదే.

ఆ వానాకాలంలోనే డెంగీ జ్వరం వచ్చి తేజు చనిపోయింది.

"మాటిచ్చిన," అన్నాడు లింగమూర్తి. "మాట తప్పేది లేదు. పాణమున్నంత వరకు పోతనే ఉంట. ఈ నెలాఖరుకు పాసు అయిపోతది. మళ్ల తీస్కుంటే విమల చెల్లెలింటికి పోతదట. పోతే ఇగ రాదట."

విమల అతని భార్య. మొదట్లో రోజూ ఎదురొచ్చి ఏడ్చేది. తర్వాత పోట్లాడింది. ఇప్పుడు మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

"నువ్వేమన్నవ్?"

"తీస్కుంట అన్న."

ఈదమ్మ చేతిలో గింజ పక్కన పడేసింది. "మాట తప్పొద్దు బిడ్డా. రేపు నేను గూడ వస్త."

పోట్లాటకు నడుం బిగించుకుని వచ్చిన లింగమూర్తికి ఆ పనే లేకపోయింది. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఇద్దరూ ఆటోలో దిగారు. ఉతికిన చీర కట్టుకుని, కర్ర పొడుచుకుంటూ, ఈదమ్మ గరుడ దాకా నడిచింది. జనం అరుచుకుంటూ పైకి పోవడం, అరుచుకుంటూ కిందికి రావడం చాలాసేపు చూసింది.

"నువ్వెన్నడన్న ఎక్కినవా?"

"బిడ్డ లేకుంట నేనెట్ల ఎక్కుత?"

"అయితే నేను ఎక్కుత."

చిలక దగ్గర యూనిఫారంలో ఉన్న అమ్మాయి కంగారుపడింది. "అవ్వా, ఇది నీ అసోంటోళ్లకు గాదు. గుండె ఆగుతది."

"ఆగితే నా గుండె. నీకేంది? నువ్వు ఎత్తు సూడు."

వెళ్లి రెక్క కింద నిలబడింది. వంగిన నడుముతో ఆమె తల ఎక్కడో కింద ఆగింది. క్యూలో ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

"చాలదవ్వా," అంది ఆ అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

"సరే. రేపొస్త."

అన్నట్టే మర్నాడు వచ్చింది. చాలలేదు. ఆ మర్నాడూ వచ్చింది. ఒకరోజు చెప్పుల్లో అట్టముక్కలు పెట్టుకుని వచ్చింది. ఇంకోరోజు తలకు నూనె రాసుకుని కొప్పు నెత్తిమీదికి చుట్టుకుని వచ్చింది. ఆ కొప్పు చూడగానే లింగమూర్తి మొహం తిప్పుకున్నాడు.

నెల చివరికి వచ్చేసరికి ఈ సంగతి పార్కంతా పాకింది. అవ్వ వచ్చిందంటే చాలు, జనం ఫోన్లు పట్టుకుని చుట్టూ చేరేవారు. తన గురువును చూసి నలుగురూ నవ్వుతుంటే లింగమూర్తికి తల కొట్టేసినట్టయ్యేది. ఇంటి దగ్గరే ఉండమని బతిమాలాడు. ఆమె వింటే కదా! ఎండలో చెమటలు కారుతున్నా, మోకాళ్లు వణుకుతున్నా, వచ్చి చిలక కింద నిలబడటమే.

పాసుకు ఆఖరి రోజు. ఈదమ్మ మళ్లీ రెక్క కింద నిలబడింది. యూనిఫారం అమ్మాయి మళ్లీ తల అడ్డంగా ఊపింది.

"సరే. రేపొస్త," అంది ఈదమ్మ.

లింగమూర్తి ఇక ఓర్చుకోలేకపోయాడు.

"రేపొస్తే ఏమైతదమ్మా? ఎల్లుండొస్తే ఏమైతది? నువ్వు ఇగ పెరుగుతవా?"

"పెరగనా?"

"పెరగవు!" గట్టిగా అరిచేశాడు. "ఎన్ని దినాలు ఆగినా పెరగవు!"

ఈదమ్మ చిలక కింద నుంచి కదలలేదు. "నువ్వు ఆరేండ్ల సంది ఆగుతలేవా? నేను గూడ ఆగుత," అంది.

లింగమూర్తి చిలకను చూశాడు, రెక్క కింద ఉన్న ఆ చిన్న ముసలి మనిషిని చూశాడు. పక్కనే ఉన్న గట్టు మీద కూలబడ్డాడు. ఆరేళ్లలో ఆ చోట అతను ఏడవడం అదే మొదటిసారి. చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు దించి తప్పుకున్నారు.

ఈదమ్మ ఓదార్చలేదు. ఏడుపు దానంతటదే ఆగేదాకా కర్ర మీద చేతులానించి నిలబడింది. తర్వాత అంది.

"నాకైతే చాలలేదు. నువ్వు తాకుతవ్ గదా. పోయి సూసిరా. పైనుంచి ఏం కనవడ్తదో నాకొచ్చి చెప్పు."

అతను లేచాడు. కండువాతో మొహం తుడుచుకుని క్యూలో నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు రెక్కకు తల తగలకుండా వంగి వెళ్లాల్సి వచ్చింది. రోజూ ఊరికే నిలబడే మనిషి ఇవాళ ఎక్కుతున్నా, యూనిఫారం అమ్మాయి ఏమీ అడగకుండా అతని ఒళ్లోకి కడ్డీ దించి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. పక్క సీటులో ఎవరో కాలేజీ కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. లింగమూర్తికి ఒక్క క్షణం లేవమని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

కిందికి వచ్చేసరికి కాళ్లు తడబడుతున్నాయి. జుట్టంతా చెదిరిపోయింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"ఎట్లుండె?" అంది ఈదమ్మ.

"కడుపు గొంతులకొచ్చిందమ్మా. పాణం పోయిందనే అనుకున్న."

"ఇంకా?"

ఆ మాటకు అతను ఆగిపోయాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ ఎరగనట్టు చెవి ఒగ్గి నిలబడింది.

"పైకి పోయినంక జరసేపు ఆగుతది," అన్నాడు మెల్లగా. "ఆడికెళ్లి దూరంగ చెరువు కనవడ్తది. రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెలంత. మా కాలనీ నీళ్ల ట్యాంకు గూడ కనవడ్తదమ్మా. దాని పక్కన మా మేడ..."

ఈదమ్మ చెయ్యెత్తింది.

"ఆగు. మిగిలింది నాకు గాదు."

కర్ర పొడుచుకుంటూ గేటు వైపు నడిచింది.

ఆ రోజు లింగమూర్తి పొద్దు ఉండగానే ఇంటికి చేరాడు. విమల తలుపు తీసింది. ఎప్పటిలాగే మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది. మంచం పక్కన బట్టలు సర్దిన సంచి ఉంది. జిప్పు ఇంకా వేయలేదు. ఆమె వంటింటి వైపు తిరిగింది.

"విమలా, గరుడ ఎక్కిన."

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు.

"పైనుంచి మనిల్లు కనవడ్తది," అన్నాడు. "నువ్వు మేడ మీద ఆరేసిన నీలం దుప్పటి కనవడ్డది. గాలికి ఊగుతుండె."

విమల వెనక్కి తిరిగి, కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంకా?" అంది.